రోడ్డు ఖర్చు ఎవరిది?

అమెరికాలో నార్వుడ్ అనే ఊరు ఉంది. అక్కడ బేకర్ అనే ఆమెకు భూమి ఉండేది. ఊరి కౌన్సిల్ ఆ భూమిలోంచి రోడ్డు తీయాలనుకుంది. ఆమెకు 2,000 డాలర్ల పరిహారం ఖరారైంది. డాలరు అంటే వాళ్ల డబ్బు.

తర్వాత కౌన్సిల్ ప్రత్యేక పన్ను వేసింది. రోడ్డు వల్ల నీకే లాభం, ఖర్చూ నువ్వే కట్టు అంది. పరిహారం, కేసు ఖర్చులు కలిపి 2,218 డాలర్లు అడిగింది! కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కున్నట్టే కదా?

ఆమె ఊరుకోలేదు. కోర్టుకెక్కింది. 1898లో సుప్రీంకోర్టులో గెలిచింది. కలిగిన లాభాన్ని బాగా మించి ప్రత్యేక పన్ను వేయరాదని తీర్పు వచ్చింది.

అక్కలారా! మన ఇంటికీ పన్ను నోటీసు వస్తుంది. పక్కన పడేయకండి. కూడబలుక్కుని చదవండి. ఎంత? ఎందుకు? గడువు ఎప్పటిదాకా? అన్యాయమనిపిస్తే గడువులోగా అర్జీ రాసివ్వండి. రసీదు తీసుకోండి.