యాన్యువల్ డేకి వీడియో కెమెరా కొనాలా? ముందు ఈ లెక్క చూడండి



డిసెంబరు వచ్చిందంటే మన క్యాంపస్‌లలో యాన్యువల్ డే, స్పోర్ట్స్ డే సందడి మొదలవుతుంది. దాంతోపాటే క్లాస్ టీచర్లకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మేడమ్, మా పాప డాన్సు తీయడానికి మంచి కెమెరా ఏదైనా చెప్పండి." షాపులో అడిగితే తమ దగ్గర ఉన్నదే మంచిదంటారు. యూట్యూబ్‌లో చూస్తే పది వీడియోలు పది మోడళ్లు చెబుతాయి. మోడళ్లు మారిపోతూ ఉంటాయి కాబట్టి ఈ నెల పాఠంలో వాటి జోలికి పోవడం లేదు. మీ అవసరానికి, మీ బడ్జెట్‌కు ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతున్నాం.

హాల్లో మనం ప్రతి ఏడాదీ చూసే దృశ్యం ఇది. ఎనిమిదో వరసలో ఒక నాన్నగారు ప్రార్థన గీతం దగ్గర్నుంచే ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. అతిథుల ప్రసంగాలు, బహుమతుల పంపిణీ అన్నీ రికార్డవుతాయి. సరిగ్గా తన పాప పద్యం అందుకునే వేళకి 'స్టోరేజ్ ఫుల్' అని వస్తుంది. గాభరాగా నాలుగు పాత వీడియోలు తీసేసి మళ్లీ మొదలుపెట్టేలోగా చప్పట్లు వినబడతాయి. నెల రోజులు పాప నేర్చుకున్న పద్యంలో, ఊళ్లో ఉన్న తాతయ్యకు చూపించడానికి ఒక్క పాదం కూడా మిగలదు. అరవై వేల కెమెరా కొన్నా ఇదే పొరపాటు జరగొచ్చు. ఉన్న ఫోన్‌తోనే జరక్కుండానూ చూసుకోవచ్చు.

కాబట్టి కొనేముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఎంత దూరం నుంచి తీయాలి? ఎలాంటి వెలుతురులో తీయాలి? ఆపకుండా ఎంతసేపు తీయాలి?

దూరం: జూమ్ ఎంత కావాలి?

పెట్టె మీద రెండు జూమ్‌లు రాసి ఉంటాయి. ఆప్టికల్ జూమ్‌లో లెన్స్ లోపలి అద్దాలు కదిలి దూరంగా ఉన్నదాన్ని నిజంగా దగ్గరకు తెస్తాయి. డిజిటల్ జూమ్ అలా కాదు. చిన్న ఫొటోను జిరాక్స్‌లో పెద్దది చేసినట్టు, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. అందుకే ముఖం మసకబారుతుంది. పెద్ద అక్షరాలతో ఉన్న డిజిటల్ అంకెను వదిలేసి, ఆప్టికల్ అని రాసిన అంకె మాత్రమే చూడండి.

ఆ అంకె ఎంత ఉండాలో లెక్క సులువే. మామూలు వీడియో కెమెరాను జూమ్ చేయకుండా పెడితే, దూరంలో సుమారు ముప్పావు వంతు ఎత్తు ఫ్రేములో పడుతుంది. స్టేజీకి 20 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకోండి. ఫ్రేములో 15 మీటర్ల ఎత్తు కనబడుతుంది. అందులో మీ పాప చీమంత ఉంటుంది. తల నుంచి కాలి గజ్జెల దాకా నిండుగా కనబడాలంటే ఫ్రేము ఎత్తు 2 మీటర్లు ఉంటే చాలు. 15ని 2తో భాగిస్తే 7.5. అంటే 8 రెట్ల ఆప్టికల్ జూమ్ సరిపోతుంది. ముఖం, భుజాలు మాత్రమే కావాలంటే ఫ్రేము అర మీటరు ఉండాలి. అప్పుడు 30 రెట్లు కావాలి. స్పోర్ట్స్ డే రోజు 60 మీటర్ల అవతల పరుగు తీయాలంటే 45ని 2తో భాగించండి: 22 నుంచి 23 రెట్లు.

అదే 10 మీటర్ల దూరంలో సీటు దొరికితే 4 రెట్లు చాలు. టెలిఫోటో లెన్స్ ఉన్న ఫోన్‌తోనే పని జరిగిపోతుంది. అరగంట ముందు వచ్చి ముందు వరసలో కూర్చోవడం కన్నా చవకైన జూమ్ లేదు.

వెలుతురు: ఇక్కడే చాలామంది మోసపోతారు

ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. పరీక్షంతా చీకటి హాల్లోనే. ఇక్కడ చూడాల్సినవి రెండు.

మొదటిది సెన్సర్ సైజు. 1/5.8 అంగుళం, 1/2.5 అంగుళం, 1 అంగుళం అని రాసి ఉంటుంది. భిన్నంలో కింది అంకె పెద్దదైతే సెన్సర్ చిన్నదని అర్థం. మీ ఐదో తరగతి బాబును అడిగినా చెబుతాడు. సెన్సర్ చిన్నదైతే తక్కువ వెలుతురు పట్టుకుంటుంది, బొమ్మలో చుక్కలు చుక్కలుగా గింజలు కనబడతాయి. తక్కువ ధరలో ఎక్కువ జూమ్ ఇచ్చే క్యామ్‌కార్డర్లలో సెన్సర్ చాలా చిన్నది. మీ చేతిలోని మంచి ఫోన్ మెయిన్ కెమెరా సెన్సర్ దానికన్నా పెద్దదే కావచ్చు.

రెండోది ఎఫ్ నంబరు. ఇది ఎంత చిన్నదైతే లెన్స్‌లోంచి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. ఎఫ్ 1.8–4.0 అని ఉంటే, పూర్తిగా జూమ్ చేసేసరికి వెలుతురు దాదాపు ఐదో వంతుకు పడిపోతుందని అర్థం. 'ఫుల్ జూమ్‌లో పెడితే చీకటైపోయింది' అని మనం అనుకునేది ఇదే.

4కే అనే మాట చూసి తొందరపడకండి. 4కేలో చుక్కల సంఖ్య ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. మాట నిజమే. కానీ చీకట్లో 4కేతో తీసిన గింజల బొమ్మ కన్నా, పెద్ద సెన్సర్‌తో తీసిన ఫుల్ హెచ్‌డీ బొమ్మ బాగుంటుంది.

శబ్దం: పదేళ్ల తర్వాత మీరు వెతికేది

అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కెమెరా మైక్ స్టేజీకి దూరంగా, పక్కవాళ్ల కబుర్లకు దగ్గరగా ఉంటుంది. అందుకే వీడియోలో పద్యం కన్నా పక్కసీటు చిప్స్ ప్యాకెట్ బాగా వినబడుతుంది. జూమ్ బొమ్మను దగ్గరకు తెస్తుంది కానీ గొంతును తేలేదు.

మీ పిల్లలు పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు అయితే బయటి మైక్ పెట్టుకునే వీలున్న కెమెరానే కొనండి. తక్కువ ధర క్యామ్‌కార్డర్లలో చాలావాటికి ఆ వీలుండదు. లేదంటే ఇంట్లో ఉన్న రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి స్పీకర్ బాక్సుకు దగ్గరగా కూర్చున్న తెలిసినవాళ్లకు ఇవ్వండి. తర్వాత ఆ రెంటినీ కలుపుకోవచ్చు.

ఎంతసేపు: కార్డు, బ్యాటరీ

ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు దాదాపు 11 జీబీ పడుతుంది. 4కే సెకనుకు 100 మెగాబిట్లయితే గంటకు 45 జీబీ. అంటే 64 జీబీ కార్డులో మొదటిది ఐదున్నర గంటలకు పైగా వస్తే, రెండోది గంటన్నర కూడా రాదు. 4కే తీసేవాళ్లు కార్డు మీద వీ30 గుర్తు ఉందో లేదో చూడండి. సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని దానర్థం. నకిలీ కార్డులు పైకి 128 జీబీ చూపించినా లోపల అంత జాగా ఉండదు. కొత్త కార్డును ముందే ఒకసారి నిండేదాకా రికార్డు చేసి, ఆ వీడియోను చివరిదాకా చూడండి.

స్టిల్ కెమెరాల్లో (డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్) చాలా మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. కొన్ని అంతకుముందే వేడెక్కి ఆగిపోతాయి. గంటసేపు ఏకధాటిగా తీయడానికి క్యామ్‌కార్డరే నయం. ఇక ఫోన్ వాడేవాళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టుకోవడం మరవద్దు. చాలా ఫోన్లలో మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది.

అమెరికా నుంచి తెప్పించుకుంటున్నారా?

చాలా ఇళ్లలో బాబాయో, పిన్నో అక్కడుంటారు కాబట్టి "వచ్చేటప్పుడు ఒక హ్యాండీక్యామ్ తీసుకురా" అనడం మామూలే. (హ్యాండీక్యామ్ అన్నది సోనీ కంపెనీ 1985 నుంచి వాడుతున్న పేరు. మనం అన్ని వీడియో కెమెరాలనూ అలాగే పిలుస్తున్నాం.) ఇక్కడొక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడిది 60. మన లైట్లు చాలావరకు కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అక్కడ అమ్మే క్యామ్‌కార్డర్లలో కొన్ని సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు మాత్రమే తీస్తాయి. మన ట్యూబ్‌లైట్ల కింద ఆ వీడియోలో చారలు, మినుకులు వస్తాయి. 25 లేదా 50 ఫ్రేములకు మార్చే వీలుందేమో కొనకముందే చూడమనండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే షట్టర్ స్పీడును 1/100కు పెట్టి చూడండి, చాలావరకు తగ్గుతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

బడ్జెట్: రోజుకు ఎంత పడుతుంది?

ధర చూసేముందు ఒక భాగాహారం చేయండి. 45,000 రూపాయల కెమెరాను ఏడాదికి మూడు రోజుల చొప్పున ఐదేళ్లు వాడితే 15 రోజులు. రోజుకు 3,000 రూపాయలు పడినట్టు. అంతకన్నా తక్కువకు ఒక రోజు అద్దెకు దొరికితే అద్దే మేలు. ఒకే క్లాసు పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసి తీసుకుంటే ఇంకా కలిసొస్తుంది. కెమెరా కోసం ఈఎంఐ పెట్టుకుని టర్మ్ ఫీజు నెలలో ఇబ్బంది పడాల్సిన పని లేదు.

• మంచి ఫోన్ ఉండి, దగ్గర సీటు దొరికేవాళ్లు: ఒక గట్టి స్టాండు, ఒక పవర్ బ్యాంక్ కొనండి. కెమెరా వద్దు.
• దూరం నుంచి, పగటి వెలుతురులో ఆటలు తీసేవాళ్లు: ఎక్కువ ఆప్టికల్ జూమ్ ఉన్న ఫుల్ హెచ్‌డీ క్యామ్‌కార్డర్ చాలు.
• సంగీతం, నాటకం, పెళ్లిళ్లు, ప్రయాణాలు అన్నీ ఏడాది పొడవునా తీసేవాళ్లు: పెద్ద సెన్సర్, బయటి మైక్ వీలు ఉన్నదానికి ఖర్చు పెట్టొచ్చు.

ఏది కొన్నా మొత్తం డబ్బు కెమెరాకే పెట్టకండి. నాలుగో వంతు స్టాండు, అదనపు బ్యాటరీ, కార్డులకు ఉంచుకోండి. 20 రెట్ల జూమ్‌లో చేయి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు క్యాసెట్ వేసే పాత రకం వద్దు. దాన్నుంచి వీడియోను ఇప్పటి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడమే ఒక తలనొప్పి.

కోఠిలో కొన్నా, బీసెంట్ రోడ్డులో కొన్నా షాపు లైట్ల కింద మాత్రమే చూసి డబ్బు కట్టకండి. షట్టర్ పక్కన నీడగా ఉన్న మూలకు తిప్పి, పూర్తిగా జూమ్ చేసి, ఒక నిమిషం తీయండి. దాన్ని మీ ఫోన్‌లోకి ఎక్కించుకుని ఇయర్‌ఫోన్స్‌తో వినండి.

తీసిన తర్వాత

ఆ రాత్రే వీడియోను రెండు చోట్ల దాచండి: ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. తాతయ్యకు 'డాక్యుమెంట్'గా పంపండి. ఒక మనవి: మీ వీడియోలో ఇతర పిల్లలు కూడా ఉంటారు. ఇంట్లో చూసుకోవడానికి అభ్యంతరం ఉండదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో పెట్టేముందు వాళ్ల తల్లిదండ్రులను అడగండి.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

రాత్రి హాల్లో ఒక్క లైటే వేయండి. పాపను పది మీటర్ల దూరంలో, డాబా మీదైనా సరే, నిలబెట్టి పద్యం చెప్పమనండి. ఉన్న ఫోన్‌ను స్టాండుకు బిగించి, ముఖం మీద వేలు నొక్కి ఫోకస్ పెట్టి, రెండు నిమిషాలు రికార్డు చేయండి. పాపతో కలిసి టీవీలో చూడండి. ముఖం కనబడిందా? మాట వినబడిందా? దేనికి 'లేదు' అన్నారో దానికే డబ్బు పెట్టండి. రెంటికీ 'అవును' అయితే ఏమీ కొనక్కర్లేదు.

యాన్యువల్ డే రోజున స్టాండు ఎక్కడ పెట్టుకోవచ్చో ముందురోజే క్యాంపస్ ఆఫీసులో అడగండి. పాప స్టేజీ ఎక్కే ముందు బటన్ నొక్కి, తెరను వదిలేసి స్టేజీ వైపు చూడండి. పైకి రాగానే పిల్లలు జనంలో మొదట వెతికేది మీ ముఖాన్నే.

వచ్చే నెల పాఠం: పరీక్షల రోజుల్లో ఇంట్లో ఫోన్ వాడకం, పెద్దలు పాటించాల్సినవి.