అడిగేవాళ్లు లేని కొలువు

‘‘ఉద్యోగం వద్దు సార్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటా’’ అంటూ వచ్చే డిగ్రీ పిల్లలు కర్నూలు, కడపల్లో ఈ మధ్య బాగా పెరిగారు. ఒకరిది మొబైల్ రిపేరు, ఒకరిది డిజైనింగు, ఇంకొకమ్మాయి జొన్నరొట్టెలు చేసి అపార్ట్‌మెంట్లకు పంపుతానంటుంది. అందరూ ముందు అడిగేది పెట్టుబడి గురించే. దానికి జవాబు తేలిక. ముద్ర లోన్లలో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా ఇస్తారు. ఉద్యమ్ నమోదుకు పైసా కట్టక్కర్లేదు, కట్టమన్నవాడు బ్రోకరు. పది నిమిషాల్లో ఆ ముచ్చట అయిపోతుంది. ఏ ఒక్కరూ అడగని ప్రశ్న మాత్రం ఒకటుంది. ఆరో నెలలో, ఒక్క బేరమూ లేని మంగళవారం మధ్యాహ్నం, షట్టరు ఎందుకు ఎత్తాలి?

ఈ ప్రశ్న నాకు నేనే వేసుకోవాల్సి వచ్చింది కాబట్టి చెబుతున్నా. కడపలో పదకొండేళ్లు పెళ్లికార్డుల దుకాణం ఒక్కణ్నే నడిపాను. శివకాశి నుంచి వచ్చే ఖాళీ కార్డులు, ఒక కంప్యూటరు, ఒక స్క్రీన్ ప్రింటింగు బల్ల, నేను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే రాత్రి రెండింటిదాకా ఇంకు వాసనలోనే. ఆషాఢంలో ఈగలు. దానికి తోడు శుక్ర మూఢమో గురు మూఢమో పడిందంటే బల్ల మీద దుమ్ము కూడా తుడవబుద్ధి కాదు. మొదటి ఆషాఢంలో తొమ్మిదిన్నరకు తీయాల్సిన షట్టరు పదకొండుకు తీశాను. మర్నాడు పన్నెండు. ఆ తర్వాత ఒకరోజు తీయనే లేదు. ఎవరూ ఏమీ అనలేదు. జీతం కోయడానికి, ముఖం చిట్లించడానికి పైన ఎవరైనా ఉంటేగా! మొదటిరోజు పండగలా అనిపించింది. నాలుగోరోజుకు బజారు వైపు వెళ్లాలంటేనే బెరుకు మొదలైంది. శ్రావణంలో ఎదురుపడ్డ పాత పార్టీ ఒకాయన, ‘‘నువ్వు ఎత్తేసినావనుకుంటిమి గదప్పా, ప్రొద్దుటూర్లో కొట్టించుకుంటిమి’’ అన్నాడు. ఐదొందల కార్డుల బేరం.

ఉత్సాహం మన సీమ వానలాంటిదని నాకు అప్పుడే అర్థమైంది. అసలు రాదని కాదు, ఏడాదికి 600, 700 మిల్లీమీటర్లు పడనే పడుతుంది. విత్తనం వేసి ఆకాశంకేసి చూస్తున్న వారంలో పడదు, అంతే. ఇక్కడ బతికినవాళ్లు వానను నమ్ముకుని కూర్చోలేదు. పడ్డప్పుడు పట్టి ఉంచడానికి చెరువులు కట్టారు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు అలాంటిదే. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడి భైరవుడి గుడి దగ్గర 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. అది మామూలు దానశాసనం అనుకోకండి. మంచి చెరువుకు కావాల్సిన అంగాలు పన్నెండు, చెరువును చెడగొట్టే దోషాలు ఆరు అని లెక్కగా చెప్పిన శాసనం అది. సాగునీటి ఇంజినీర్లు ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటారు. నేను మాత్రం ఆ ఆరు దోషాలు చదివి నా గల్లాపెట్టె వైపు చూసుకున్నాను.

మొదటి దోషం, కట్టలోంచి నీరు ఊరడం. తెగిపోవడం కాదు, ఊరడం. గల్లాలోంచి టీకి ఇరవై, పెట్రోలుకు వంద, పిల్లాడి నోటుపుస్తకాలకు యాభై తీస్తూ పోతే సాయంత్రానికి ఎంత అమ్మామో, ఎంత మిగిలిందో పొంతన ఉండదు. ఇంకొక దోషం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు ఒకే జేబులో ఉన్న ప్రతి ఒక్కడిదీ సరిహద్దు చెరువే. కట్ట తెగితే ఎవరూ పూడ్చరు, నీళ్లున్నప్పుడు మాత్రం ఇద్దరూ వస్తారు. నేను దీనికి చేసిన మందు చాలా చిన్నది. ప్రతి శనివారం రాత్రి ఒక కవరులో నా జీతం పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. వైశాఖంలోనూ అంతే, ఆషాఢంలోనూ అంతే. సీజన్లో మిగిలింది బ్యాంకులో వేరే ఖాతాలో ఉండేది, మూఢాల్లో కవరు దాంట్లోంచి నిండేది. బేరం లేని నెలలో మనిషి కుంగిపోవడానికి సగం కారణం బద్ధకం కాదండీ, భయం. కవరు వచ్చినన్నాళ్లు ఆ భయం గడప దాటి లోపలికి రాలేదు.

నన్ను ఎక్కువగా ముంచింది ఐదో దోషం. నీరు తక్కువ, తడపాల్సిన నేల ఎక్కువ. బేరాల్లేవని ఫ్లెక్సీలు ఒప్పుకున్నాను, ఐడీ కార్డులు ఒప్పుకున్నాను, గుడ్డసంచుల మీద అచ్చు కూడా. ఉన్నది రెండు చేతులు. ఏదీ చెప్పిన రోజుకు ఇవ్వలేక, ఫోన్ ఎత్తడం మానేశాను. పని ఎక్కువై పని ఎగ్గొట్టడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది. ఒంటరిగా వ్యాపారం చేసేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

మరి అడిగేవాళ్లు లేని కొలువులో అడిగేవాణ్ని ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? నేను ఎదురుగా ఉన్న టీ అంగడిలో తెచ్చుకున్నాను. నెల డబ్బులు ముందే ఇచ్చి, పొద్దున తొమ్మిది ముప్పావుకు గ్లాసు నా బల్ల మీద పెట్టాలని చెప్పా. నేను లేకపోతే ఆ టీ అతనే తాగి, ‘‘కార్డులాయన ఇంకా పండుకోనుండాడు’’ అని అంగట్లో ఉన్న నలుగురికీ వినపడేలా చెప్పాలి. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి అవకాశం ఇవ్వలేదు. పొద్దున ఐదింటికి లేవమని బోధించే వీడియోలు నేనూ చూశాను, పడుకునే చూశాను. ఆ గ్లాసు చేసిన పని అవేవీ చేయలేదు.

షట్టరు ఎత్తాక లోపల ఏం చేయాలన్నది ఇంకో సమస్య. ఖాళీ నెలల పనుల్ని సీజన్లోనే ఒక పుస్తకంలో రాసి పెట్టుకునేవాణ్ని. ఎవరి బాకీ ఎంత, కొత్త నమూనాల ఆల్బం, సిద్ధవటం, కమలాపురం వైపు ఫొటోగ్రాఫర్లను, పురోహితులను కలిసి రావడం. ఆషాఢంలో ఆలోచించడానికి ఏమీ మిగలకూడదు, పుస్తకం తెరిస్తే పని కనపడాలి.

ఒంటరితనంలో క్రమశిక్షణ తప్పడం కంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. మన తప్పు మనకు కనపడదు. ఒక పెళ్లికి నాలుగొందల కార్డుల మీద గురువారం అని పడాల్సిన చోట శుక్రవారం అని వేశాను. తేదీ సరిగ్గానే ఉంది, వారమే తప్పు. ఆరుసార్లు చదివాను, ఆరుసార్లూ నా కళ్లు గురువారం అనే చదివాయి. అన్నీ తిరిగి కొట్టి ఇచ్చాను, ఖర్చు నాదే. ఆ రోజు నుంచి పార్టీ చదివి సంతకం చేయని ప్రూఫు బల్ల ఎక్కలేదు.

ఇంకొకరి కళ్లతో సరిచూసుకోవడానికి, కడపలోనే సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని పనిచేసిన సి.పి.బ్రౌన్ పెద్ద ఉదాహరణ. 1820లో ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటివారికి జీతాలిచ్చి, ఒకే కావ్యానికి ఉన్న ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పాఠం సరిచూయించాడు. సర్కారు అడగని పని అది. అప్పులపాలు కూడా అయ్యాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో గానీ అచ్చు కాలేదు. అన్నేళ్లు ఆ పని ఆగకుండా నడిచిందంటే ఆయన పట్టుదల ఎంత ఉందో, రేపు పొద్దున ప్రతులు పట్టుకుని పండితులు వచ్చి కూర్చుంటారన్న సంగతి కూడా అంతే ఉందని నా అనుమానం. ఆ బంగళా చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం. కడప పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని అటువైపు వెళ్లినప్పుడు ఒకసారి ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

పండితులను పెట్టుకునే స్తోమత మనకు లేదు. కానీ గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, బ్యాంకులు నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి పద్ధతి ఇది. పల్లె యువతకు తిండి, బస, శిక్షణ అన్నీ ఉచితం. కుట్టుపని నుంచి సెల్‌ఫోన్ రిపేరు దాకా నేర్పుతారు. పిల్లలు సర్టిఫికెట్ తీసుకుని మరిచిపోతారు గానీ, దీంట్లో అసలు విలువైనది శిక్షణ తర్వాతి రెండేళ్లు. వ్యాపారం ఎలా ఉంది, లోను వచ్చిందా అని వాళ్లే కనుక్కుంటూ ఉండాలన్నది నియమం. ఆ ఫోన్ వస్తే విసుక్కోకండి. రాకపోతే మీరే చేయండి. అడిగే మనిషి జీతం లేకుండా దొరకడం అరుదు.

పోయిన ఏడాది పనిమీద కర్నూలు వెళ్లి, పొద్దున ఆరింటికి రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. ఒక్కతే ఆమె. ఒక చేత్తో నానిన బొరుగులు పిండి బాండలిలో వేస్తోంది, ఇంకో చేత్తో బజ్జీలు తిప్పుతోంది, చిల్లర లెక్క నోటితోనే. పదింటికి జనం పలచబడ్డాక మళ్లీ వెళ్లి, ఒంట్లో బాగున్నా మనసు బాగాలేని రోజున ఏం చేస్తావమ్మా అని అడిగాను.

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

‘‘ఉల్లిగడ్డలు రాత్రే కోసి పెట్టుకుంటా అన్నా. కోసినంక ఇంగ పారేస్తామా?’’ అంది. బాండలి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, మరుసటి రోజు ఉల్లిగడ్డలు కొనడానికి సంచీ తీసుకుని బయల్దేరింది.