అరికాలి మచ్చను ఉపేక్షించవద్దు
తొలిదశ మెలనోమా: గుర్తింపు, చికిత్స

ముఖంపై చిన్న మొటిమ లేచినా అద్దం ముందు నిలబడతాం. అరికాలిలో నల్లని మచ్చ ఏడాదిగా పెరుగుతున్నా, ముల్లు గుచ్చుకున్న గుర్తు అనో, ఆనెకాయ అనో అనుకొని చెప్పులో కాలు పెట్టి పనికి వెళ్ళిపోతాం. చర్మ క్యాన్సర్లలో మిక్కిలి ప్రమాదకరమైనది మెలనోమా. చామనచాయ, నలుపు చర్మం గలవారిలో ఇది ఎక్కువగా కనిపించే చోట్లు అరికాలు, అరచేయి, గోటి అడుగుభాగం. మన దేశంలో ఈ వ్యాధి అరుదు. అరుదు గనుకనే రోగి అనుమానించడు, ఇంటివారు గమనించరు, విలువైన కాలం గడిచిపోతుంది. తొలిదశలో గుర్తిస్తే చాలామందికి ఒక్క శస్త్రచికిత్సతోనే నయమయ్యే వ్యాధి ఇది. ఆ తొలిదశను పోల్చుకోవడం ఎలాగో తెలుపడమే ఈ పాఠం ఉద్దేశం.

వ్యాధి స్వరూపం

చర్మపు పైపొర అడుగున మెలనోసైట్లు అనే వర్ణకణాలు ఉంటాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను ఇవే తయారుచేస్తాయి. ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే మెలనోమా అవుతుంది. మొదట అది పైపొరలోనే పక్కలకు వ్యాపిస్తుంది. తరువాత లోతుకు దిగి, రక్తనాళాలను, లింఫు నాళాలను చేరి, ఇతర అవయవాలకు పాకుతుంది. పైపొరలో ఉన్నప్పటి వ్యాధికి, లోతుకు దిగిన వ్యాధికి మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. రోగి భవిష్యత్తును చాలావరకు నిర్ణయించేది ఆ కొద్దిపాటి లోతే.

తెల్లని చర్మం గలవారిలో ఎండ ఈ వ్యాధికి ముఖ్య కారణం. అరికాలిలో వచ్చే రకానికి ఎండ ముఖ్య కారణం కాదు. కాబట్టి “మనది నల్లని చర్మం, మనకు రాదు” అన్న ధీమా తగదు.

ఇందుకు లోకమెరిగిన ఉదాహరణ జమైకా గాయకుడు బాబ్ మార్లే. ఆయన కాలి బొటనవేలి గోటి కింద ఏర్పడిన గాయాన్ని మొదట ఫుట్‌బాల్ దెబ్బగా భావించారు. 1977లో అది మెలనోమా అని తేలింది. వేలిని తొలగించాలన్న సలహాను అంగీకరించక, ఆయన పరిమితమైన శస్త్రచికిత్సతో సరిపెట్టుకున్నారు. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించి, 1981 మే నెలలో 36 ఏళ్ళ వయసులో మరణించారు.

గుర్తించడం ఎలా?

ప్రతి మచ్చా క్యాన్సరు కాదు. పుట్టుమచ్చలలో అత్యధికం నిరపాయకరమైనవి. కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం వైద్యునికి చూపాలి.

1. మచ్చను మధ్యకు విభజించి చూస్తే ఒక సగం మరొక సగంతో పోలకపోవడం.
2. అంచులు తీరుగా లేక, వంకరటింకరగా ఉండడం.
3. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, బూడిద వంటి పలు రంగులు ఉండడం.
4. వెడల్పు 6 మిల్లీమీటర్లకు, అంటే సుమారుగా పెన్సిలు వెనుక భాగమంత పరిమాణానికి, మించడం.
5. వారాలు, నెలలు గడిచేకొద్దీ మచ్చ మారుతూ ఉండడం. వీటన్నిటిలో దీనిని ప్రధానంగా గమనించాలి.

అరికాలి విషయంలో మరొక సూచన ఉంది. మానకుండా రసి కారే పుండు, తరచు రక్తం వచ్చే ఆనెకాయ వంటి గడ్డ, ఎన్ని మందులు రాసినా తగ్గని పగులు ఉంటే పరీక్ష చేయించుకోవాలి. కొన్ని మెలనోమాలు నల్లగా కాక ఎర్రగా, చర్మపు రంగులోనే ఉంటాయి.

గోటిపై గోధుమరంగు చార ఉండడం నల్లని చర్మం గలవారిలో మామూలే. తరచు అది పలు గోళ్ళపై కనిపిస్తుంది. ఒకే గోటిపై కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, గోటి మొదటి చర్మంపైకి కూడా రంగు పాకే చార అనుమానించదగినది. దెబ్బ తగిలి గోటి కింద గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. కదలకుండా అక్కడే ఉండిపోయే నలుపు రక్తపు మరక కాకపోవచ్చు.

నెలకొకసారి, తలంటుకునే ఆదివారంనాడు, అరికాళ్ళను, వేళ్ళ సందులను, గోళ్ళను వెలుతురులో చూసుకోవాలి. వంగలేని పెద్దవారి పాదాలను ఇంటివారు చూడాలి. గోరింటాకు, పారాణి, గోళ్ళరంగు పెట్టుకునే ముందే చూసుకోవడం మేలు. ఆ రంగుల కింద మచ్చ దాగిపోతుంది.

చేయరాని పనులు

పులిపిరికి చేసినట్లు సున్నం, చాకలిసోడా కలిపి రాయడం, జీడితో కాల్చడం, వెంట్రుక కట్టి బిగించడం, ఆనెకాయ అని బ్లేడుతో చెక్కడం తగవు. వీటివల్ల పైభాగం మాడిపోయి, అడుగున వ్యాధి మిగిలిపోతుంది. పరీక్షకు పంపవలసిన కణజాలమూ దక్కదు.

పరీక్ష, చికిత్స

వ్యాధిని నిర్ధారించేది బయాప్సీ. చిన్న మచ్చనైతే మొత్తంగా, పెద్దదైతే అందులో కొంత భాగాన్ని తీసి పరీక్షిస్తారు. “కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుంది” అన్నది అపోహ. బయాప్సీ వల్ల మెలనోమా వ్యాపించదు. ఆలస్యం వల్ల వ్యాపిస్తుంది.

బయాప్సీ నివేదికలో చూడవలసిన ముఖ్యమైన అంకె వ్యాధి మందం. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే వైద్యుడు ప్రతిపాదించినందున దీనిని ‘బ్రెస్లో మందం’ అంటారు. వ్యాధి పైపొరకే పరిమితమైతే అది సున్నా దశ. మందం 1 మిల్లీమీటరు లోపు ఉండి, ఎక్కడికీ పాకకపోతే అది మొదటి దశకు చెందుతుంది. పైన పుండు పడిందా లేదా అన్నది కూడా నివేదికలో ఉంటుంది.

తొలిదశలో ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. మచ్చతోపాటు చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన చర్మాన్ని కూడా కొంత తీసివేస్తారు. సున్నా దశలో ఇది అర సెంటీమీటరు నుంచి 1 సెంటీమీటరు, 1 మిల్లీమీటరు లోపు మందానికి 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు ఉంటుంది. అరికాలిలో చర్మం చాలకపోతే మరొక చోటి చర్మాన్ని తెచ్చి అతుకుతారు. గోటి కింద లోతుకు దిగితే వేలి కొనను తీయవలసి రావచ్చు.

మందం 1 మిల్లీమీటరు దాటినప్పుడు, కొన్నిసార్లు అంతకు కొద్దిగా తక్కువైనా, వ్యాధి మొదట చేరగల లింఫు గ్రంథిని గుర్తించి తీసి పరీక్షిస్తారు. సున్నా దశలోను, మొదటి దశలోను శస్త్రచికిత్స తరువాత సాధారణంగా కీమోథెరపీ గాని, రేడియేషన్ గాని అవసరముండదు. అయితే తొలి ఐదేళ్ళు ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి, ఆపై ఏటా, వైద్యునికి చూపించుకోవాలి. వ్యాధి ముదిరితే ఇమ్యునోథెరపీ వంటి సుదీర్ఘమైన, ఖరీదైన చికిత్సలు కావలసి వస్తాయి.

బెంగళూరులో ఎక్కడికి వెళ్ళాలి?

మొదట దగ్గరి నమ్మ క్లినిక్‌లో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చూపించి, పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోవాలి. విక్టోరియా వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మరోగ విభాగం ఉంది. క్యాన్సరు అని తేలితే హోసూరు రోడ్డులోని కిద్వాయి సంస్థలో చికిత్స లభిస్తుంది. ఆయుష్మాన్ కార్డు ఉన్నవారు దానిని వెంట తీసుకువెళ్ళాలి. సొంత రాష్ట్రంలో పొందిన కార్డు ఇక్కడ ఎలా వర్తిస్తుందో ఆసుపత్రిలోని సహాయక కేంద్రంలో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

భాష రాదన్న జంకుతో ఆసుపత్రి మానుకోవద్దు. అరికాలిని కన్నడంలో ‘అంగాలు’ అంటారు, గోరు ‘ఉగురు’, మచ్చ ‘మచ్చె’. “అంగాలినల్లి కప్పు మచ్చె ఇదె, దొడ్డదాగుత్తిదె” అంటే అరికాలిలో నల్లమచ్చ ఉంది, పెరుగుతోంది అని అర్థం. వైద్యులు “ఎష్టు దినదింద ఇదె?” అని అడిగితే, ఎన్ని రోజుల నుంచి ఉందో చెప్పాలి. మచ్చ కనిపించిన తొలినాడే పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీసి ఉంచితే, నెల తరువాత మరొకటి తీసి రెండింటినీ వైద్యునికి చూపవచ్చు. అనుమానం బలంగా ఉంటే మాత్రం ఆ నెల కూడా ఆగవద్దు.