చివరి ఇరవై పేజీలు

ఏలూరు, పవర్‌పేట

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ నవలలు 12 అయిపోయాయి, తాడేపల్లిగూడెం హాస్టల్లో తోచడం లేదు, ఆవిడలా రాసేవాళ్లు ఇంకెవరున్నారు అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే కాగితం తీశాను.

అగాథా క్రిస్టీలా రాసేవాళ్ల కోసం వెతక్కు తల్లీ. ఆవిడలో నీకు ఏం నచ్చిందో ముందు తేల్చుకో. హత్యలు కాదుగా! 1930లో వచ్చిన మొదటి నవల నుంచీ మార్పుల్ చేసే పని ఒక్కటే. పోలీసులకు అంతుపట్టని మనిషిని తన ఊళ్లో తెలిసిన ఎవరితోనో పోల్చుకుంటుంది. ఊరిని చదివిన మనిషి ఆవిడ.

నాకు ఆవిడ కొత్తగా అనిపించలేదు. మా అమ్మమ్మది కొల్లేటి లంక. ఒకరోజు తెల్లారేసరికి ఎవరివో చేపల మావులు ఖాళీ అయ్యాయి. ఊరంతా పక్క లంకవాళ్ల మీద విరుచుకుపడింది. అమ్మమ్మ మాత్రం గట్టు మీదికి లాగిపెట్టిన తాటి దోనెల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. ఒక దోనె అడుగున గుర్రపుడెక్క ఆకు అంటుకుని ఉంది, పచ్చగా, నీళ్లు ఓడుతూ. ఆ దోనె మనిషి మూడు రోజులుగా జ్వరంతో లేవలేదని ఊరందరికీ చెప్పాడు. మూడు రోజుల నాటి ఆకైతే వాడిపోవాలి కదా! అమ్మమ్మ ఎవరితోనూ అనలేదు. గిన్నెలో జావ పోసుకుని వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చింది. సాయంత్రానికి చేపల డబ్బు సొంతదారుకి చేరింది. నీకు నచ్చింది ఆ ఆకూ, ఆ జావా అని నా నమ్మకం.

ఇక మంచి రచయితను పట్టుకునే పద్ధతి చెబుతాను. గూడెంలో ఉద్యోగం చేసే రోజుల్లో అద్దెకు పుస్తకాలు తెచ్చుకుని రైల్లో చదివేదాన్ని. ఒకసారి కొమ్మూరి సాంబశివరావు గారి నవల తెచ్చుకున్నాను. భీమడోలు దాటాక చూస్తే చివరి కాగితాలు లేవు. ఎవరో చింపేశారు. ఎంత ఉడుక్కున్నానో! గూడెం వచ్చేలోగా మొత్తం మళ్లీ తలపోసి, హంతకుడి పేరు టిక్కెట్టు వెనక రాసుకున్నాను. తర్వాత ఇంకో ప్రతి దొరికింది. పేరు సరిపోయింది. అప్పట్నుంచీ చివరి ఇరవై పేజీల ముందు పుస్తకం మూసేసి ఆలోచించడం అలవాటైంది. మనం తప్పినా సరే, చివరికి వచ్చాక 'అయ్యో, ఇది ముందే చెప్పాడే' అనిపిస్తే ఆ రచయిత నిజాయితీపరుడు. ఎన్నడూ పేరెత్తని మనిషిని చివర్లో తెచ్చి నిలబెడితే ఇక ఆయన పుస్తకం ముట్టుకోకు.

నువ్వు మొదట చదవాల్సింది సత్యజిత్ రాయ్ ఫెలూదా. 1965లో పిల్లల పత్రిక 'సందేశ్'లో మొదలైన కథలు కాబట్టి నెత్తుటి వర్ణనలు ఉండవు. బుర్రకే పని. ఆ తర్వాత అలెగ్జాండర్ మెకాల్ స్మిత్. ఆయన బోట్స్‌వానా నవలలు 1998లో మొదలయ్యాయి. నాన్న వదిలివెళ్లిన పశువుల్ని అమ్మి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న ఆడమనిషి కథ. టీ తాగుతూ, ఎదుటివాళ్ల గోడు వింటూ చిక్కులు విప్పుతుంది. అమ్మమ్మకు దూరపు చుట్టంలా అనిపిస్తుంది నాకైతే.

మనవాళ్లను వదలకు. కొమ్మూరి వారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు నీకు కాస్త గరుగ్గా అనిపిస్తారు, అయినా ఆ పరుగు నీకు తెలియాలి. ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు, 'పలకల వెండి గ్లాసు' దొరికితే వదలకు. హాయిగా నవ్వుకోవాలంటే మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్'. 1986లో జంధ్యాల గారు తీసిన సినిమా మీ అమ్మా నేనూ కలిసి చూశాం. మధుబాబు గారి షాడో మాత్రం వేరే దారి. చదువు, కానీ మార్పుల్ కోసం అక్కడ వెతక్కు.

పాత తెలుగు పుస్తకాల కోసం జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్దాం. ఈలోగా ఫెలూదా తెచ్చుకో. చివరి ఇరవై పేజీల ముందు ఆగి, నీకు అనుమానమున్న పేరు కాగితం మీద రాసి నాకు పంపు. నేనూ నా కాగితం రాసి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ