మతసమర్థనమున యుక్తియు ప్రమాణమును: కలకత్తాలో నొక గోష్ఠి, శ్రీరాంపురముతో నొక వాదము

మతవిషయములు యుక్తికి లోబడవనియు, విశ్వాసము గలవాడు వాదింప బనిలేదనియు, లేనివానితో వాదించి ప్రయోజనము లేదనియు బలుకువారు సకల మతములయందును గలరు. క్రైస్తవులలో నీ యభిప్రాయము సర్వసమ్మతము గాదు. విశ్వాసమునకు హేతువేమని యడిగినవానికి సాత్వికముతో బదులు చెప్ప సిద్ధముగా నుండవలెనను నుపదేశము పేతురు పేర నున్న మొదటి పత్రికలోనే కానవచ్చుచున్నది. రెండవ శతాబ్దమున జస్టిను రోమక చక్రవర్తి నుద్దేశించి తన మతమునకు సమర్థనము వ్రాసెను. అది మొదలు నేటివరకు నీ విద్య యా మతమున నెడతెగక వచ్చుచున్నది. అయినను హేతువు చెప్పుట వేఱు, చెప్పిన హేతువును ప్రతిపక్షి యెదుట బెట్టి పరీక్షకు లోబఱచుట వేఱు. ఈ రెండవది యెట్లు జరుగునో, అందు నెవరికేమి నష్టము వాటిల్లునో తెలిసికొనుటకు మన దేశముననే 1820 మొదలు 1823 వఱకు జరిగిన వాదమొకటి మిక్కిలి యుపకరించును.

దాని బరిశీలించుటకు ముందు మన నైయాయికుల విభాగము నొకదానిని స్మరింతము. కథ, అనగా చర్చ, మూడు విధములని గౌతమసూత్రములు చెప్పుచున్నవి. తత్త్వనిర్ణయము గోరి యుభయులును ప్రమాణబద్ధులై పలుకునది వాదము. గెలుపే ప్రయోజనముగా సాగునది జల్పము. తన పక్షమేదియు స్థాపింపక పరుని పక్షమును గూల్చుటయే పనిగా గలది వితండ. చదువరులు ఈ మూటిని మనసున నుంచుకొని ముందునకు సాగుదురు గాక.

1820లో రామమోహన రాయలవారు "ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్" అను గ్రంథమును కలకత్తా బాప్టిస్టు మిషను ముద్రాలయమున అచ్చొత్తించిరి. నాలుగు సువార్తలనుండి యేసుయొక్క నీతిబోధలను మాత్రము వేరుపఱచి, అద్భుత కార్యములను, చరిత్రాంశములను, సిద్ధాంతవివాదములకు దావిచ్చు వాక్యములను విడిచిపెట్టి కూర్చిన పుస్తకమది. యోహాను సువార్తనుండి గైకొన్నది స్వల్పము. అద్భుతములను విడుచుటకు వారు చెప్పిన కారణము గమనింపదగినది. ఆసియా ఖండవాసులకు వంశపారంపర్యముగా వచ్చిన కథలలో నింతకంటె మిక్కిలి యాశ్చర్యకరములైన వెన్నియో గలవు గనుక, ఇవి వారి మనసులపై విశేష ప్రభావము చూపవని వారి తాత్పర్యము. సముద్రమును లంఘించిన వానిని, కొండను వ్రేలిపై నిలిపిన వానిని బాల్యమునుండి యెఱిగిన వానికి, నీటిపై నడచిన వాడు వింతగా దోచునా?

శ్రీరాంపురము మిషనరీలకీ పుస్తకము రుచింపలేదు. వారి "ఫ్రెండ్ ఆఫ్ ఇండియా" పత్రికలో విమర్శనము వెలువడెను. అందు గ్రంథకర్తను "అన్యజనుడు" అను నర్థమిచ్చు మాటతో బేర్కొనిరి. ఏకేశ్వరుని ప్రతిపాదించి స్వజనులచేత నిందలు పడిన వానిని, యేసు బోధలను దేశమున వ్యాపింపజేయ బూనిన వానిని, అట్లు పిలుచుట యుచితము గాదు. వాదారంభమున నొక్క విశేషణము దొరలినచో పిమ్మట నూఱు పుటల యుక్తి దానిని కడుగజాలదు. రాయలవారు నొచ్చుకొనిరి. "సత్యమిత్రుడు" అను నర్థము గల మాఱుపేరుతో అదే వత్సరమున క్రైస్తవ ప్రజలకు విజ్ఞప్తి యను సమాధానమును బ్రకటించిరి.

అయినను జాషువా మార్షమను వాదమును జులకన సేయరాదు. ఆయన 1799లో శ్రీరాంపురమునకు వచ్చి, బైబిలును చీనా భాషలోనికి దెచ్చుటకై యేండ్ల తరబడి శ్రమించిన పండితుడు. ఆయన ముఖ్యాక్షేపమిట్టిది: నీతిసూత్రము లెంత నిర్మలములైనను, వానిని సంపూర్ణముగా నాచరించిన మనుష్యుడెవడు? ఆచరింపజాలని యాజ్ఞ మనశ్శాంతి నొసగదు, దోషమును జూపును. కావున యేసు బోధలను గైకొని, ఆయన మరణము లోకపాపములకు బ్రాయశ్చిత్తమను సిద్ధాంతమును విడుచుట, రోగమును వర్ణించి మందును దాచుటతో సమానము. ఇది పూర్వపక్షముగా గొట్టివేయదగిన మాట కాదు. తన హృదయమును నిష్పక్షపాతముగా బరీక్షించుకొనిన వాడెవడును దీనిని విని నవ్వజాలడు. దీనికి రాయలవారు, పాపికి యథార్థమైన పశ్చాత్తాపమే దేవుడంగీకరించు ప్రాయశ్చిత్తమని బైబిలు వాక్యములచేతనే సమాధానము చెప్పిరి. తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చినప్పుడు తండ్రి వానిని గౌగిలించుకొనుటకు మధ్యవర్తి నెవ్వనిని గోరలేదు గదా యని యీ పక్షమువారు నేడును అడుగుదురు. క్రైస్తవ సమర్థకులు దానికి బదులు చెప్పుచు, ఒక్క యుపమానమును సిద్ధాంతమంతటికి కొలబద్ద చేయరాదందురు. ఇరువురి మాటలయందును బలము గలదు.

ఇచట చదువరులు గమనింపవలసిన దొకటి గలదు. ఈ యిరువురికిని ఉమ్మడి ప్రమాణము బైబిలే. రాయలవారు ఉపనిషత్తుల నుదాహరించి మార్షమనును ఖండింపలేదు. హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చి, మూలమునుండియే యుక్తులు దెచ్చిరి. ఉమ్మడి ప్రమాణము లేనిచోట వాదము పుట్టదు. ఉభయులును తమ తమ గోడలవైపు దిరిగి మాటలాడుకొందురు.

ఇక గోష్ఠి సంగతి. అచ్చుపత్రములలో నీ వాదము సాగుచుండగా, కలకత్తాలో వేఱొక చిన్న మేళనము జరుగుచుండెను. విలియం కేరీ గావించిన వంగానువాదమున భాషాసరళి చాలదని తలచి, విలియం యేట్సు, విలియం ఆడము అను నిరువురు బాప్టిస్టు మిషనరీలు, రామమోహన రాయలవారితో గూడి, నాలుగు సువార్తలను గ్రీకునుండి వంగభాషలోనికి మఱల దిప్ప బూనిరి. ఆడము స్కాట్లండు దేశీయుడు. 1818లో హిందూదేశమునకు వచ్చిన యువకుడు. పని సాగి సాగి యోహాను సువార్త మొదటి యధ్యాయము మూడవ వాక్యముకడ నిలిచిపోయెను. సృష్టి యంతయు "వాక్యము" వలన గలిగెనని చెప్పు తావున గ్రీకుమూలమున "డియా" యను చిన్న యవ్యయమున్నది. దానిని కర్తృత్వమును జెప్పు విభక్తితో దెలుపవలెనా, సాధనమును జెప్పు మాటతో దెలుపవలెనా యనునదియే చిక్కు.

తెలుగువారికి ఇది సులభముగా బోధపడును. కుండ కుమ్మరిచేత జేయబడినది. చక్రము మూలముగా రూపొందినది. "చేత" యన్నచో కర్త, "మూలముగా" నన్నచో సాధనము. యేసు నుద్దేశించి మొదటి దానిని బ్రయోగించిన, ఆయనయే సృష్టికర్తయైన దేవుడని చదువరి గ్రహించును. రెండవదానిని బ్రయోగించిన, తండ్రియగు దేవుడు కర్తయనియు, వాక్యము సాధనమనియు దోచును. గ్రీకుభాషలో కర్మణి ప్రయోగమున కర్తను దెలుపుటకు "హుపో" యను వేఱొక యవ్యయము గలదు. ఇక్కడ దానిని వాడలేదు. మన తెలుగు బైబిలున నీ తావున నున్నది "మూలముగా" అను మాటయే.

ఆ గోష్ఠిలో మిషనరీ లిరువురును తర్కించుచుండగా, రాయలవారు కలము చేతబట్టి, గంభీరముగా, ఒక్క మాటయైన బలుకక, సర్వమును గమనించుచు గూర్చుండిరని ఆడము పిమ్మట వ్రాసియున్నాడు. నా యభిప్రాయమున నీ వాదమంతటిలో రాయలవారి మిక్కిలి బలమైన యుక్తి యీ మౌనమే. వారు నోరు విప్పియుండిన, ఆ ప్రశ్న "హిందువు వేసిన ప్రశ్న" యై, మిషనరీ లిరువురును నేకపక్షమగుట సంభవించెడిది. వారు మాటాడకుండుటచేత వ్యాకరణమే మాటాడవలసి వచ్చెను. మొదట మువ్వురును సాధనార్థమునే యంగీకరించిరి. కొలది కాలమునకే యేట్సు వెనుదీసెను. ఆ యనువాదమందు త్రిత్వసిద్ధాంతమునకు విరోధమైన బీజమున్నదని ఆయన భయపడెను. గోష్ఠి విచ్ఛిన్నమాయెను.

యేట్సును బిఱికివాడని యెంచువారు తొందరపడుచున్నారు. ఆయన పక్షమునకు వ్యాకరణప్రమాణమే లేకపోలేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ యధ్యాయాంతమునను, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమునను, దేవుని నుద్దేశించియే యీ "డియా" ప్రయుక్తమైనది. కావున నా యవ్యయము కానవచ్చినంతమాత్రమున నది గౌణకర్తృత్వమునే చెప్పునని నిర్ణయింపరాదు. ఇటు చూచిన నా యొక్క మాట త్రిత్వమును స్థాపింపనూ లేదు, కూల్చనూ లేదు. ప్రమాణ మెంతవఱకు బోవునో అంతవఱకే పోయి నిలుచుట నేర్చినవాడే గోష్ఠికి యోగ్యుడు.

ఆడముమాత్రము తిరిగి చూడలేదు. ఆ యాలోచన ఆయనను విడువక, 1821లో త్రిత్వమును వదలి, ఏకేశ్వర క్రైస్తవుల మతము నవలంబించెను. మిషనువారితో సంబంధము తెగెను, జీవనోపాధి పోయెను. రెండవమాఱు పతితుడైన ఆదామని తోటివారు పరిహసించిరి. హైందవునికి క్రైస్తవమును బోధింప వచ్చినవాడు హైందవుని సాంగత్యమున స్వమతసిద్ధాంతమును విడుచుట యానాటి కలకత్తాలో సామాన్యమైన యలజడి గాదు. ఆ వత్సరముననే రాయలవారును, ఆడమును, మఱికొందఱును గూడి కలకత్తా యూనిటేరియను సంఘమును స్థాపించిరి.

బాప్టిస్టు ముద్రాలయమువారు రాయలవారి మొదటి రెండు విజ్ఞప్తులను ముద్రించిరి గాని, మూడవదానికి సమ్మతింపలేదు. వారు స్వయముగా ధర్మతలలో ముద్రాలయము నెలకొల్పి, 1823లో తుది విజ్ఞప్తిని బ్రకటించిరి. మార్షమను సమాధానములు అంతకుముందే, 1822లో, లండనున గ్రంథరూపమున వెలువడియుండెను. ఎదుటివాని పుస్తకమును ముద్రింప నిరాకరించు నధికారము ముద్రాపకునకు గలదు. కాని యుక్తిచేత సమర్థింపబూనిన మతమున కది కీర్తికరము గాదు. ఆ దినములలో రాయలవారికి హాస్యమును కొఱవడలేదు. టైట్లరు అను వైద్యునితో వాదించునప్పుడు "రామదాసు" పేరు దాల్చి, అవతారములను నమ్ము హిందువులును క్రైస్తవులును ఒక్క గూటివారే గనుక కలసి యేకేశ్వరవాదుల నెదుర్కొందమని ఆహ్వానించిరి! ఇది వాదము గాదు, జల్పమని నైయాయికు లందురేమో; అయినను చదువుటకు మిక్కిలి సొంపుగా నుండును.

ఇప్పుడు అద్భుతముల ప్రశ్నకు మఱలుదము. రాయలవారు దానిని దాటవేసిరే గాని పరిష్కరింపలేదు. సాక్ష్యము లెన్ని యున్నను అద్భుతము నమ్మదగినది గాదని 1748లో హ్యూము వాదించెను. సాక్షులు తాము కంటిమని చెప్పినదానికై కష్టముల కోర్చినందున వారు వంచకులు గారని 1794లో పేలీ బదులు చెప్పెను. మన శాస్త్రభాషలో నిది ఆప్తవాక్యవిచారము. ఆప్తుడనగా విషయము నెఱిగినవాడు, ఉన్నది యున్నట్లు చెప్ప గోరువాడు. పేలీ వాదము రెండవ గుణమును బలపఱచును; మొదటిదానిని బలపఱచదు. కష్టపడినవాడు అబద్ధమాడడని యొప్పుకొన్నను, పొరబడడని యేర్పడదు. అయినను ఆసియా ఖండపు కథలన్నిటితోను సువార్తలను నొక్క రాశిలో గలుపుటయు న్యాయము గాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, యేసు మరణమునకు సుమారు ఇరువది యేండ్లకు వ్రాయబడినదని పండితు లెంచుచున్నారు. పునరుత్థానుడైన యేసును జూచినవారిలో ననేకులింకను బ్రదికియున్నారని పౌలు అందు వ్రాసినాడు. కాలసామీప్యమును, సాక్షుల నడుగ నవకాశమును పురాణకథలకు లేనివి. ఇది సిద్ధాంతము గాదు, విచారింపదగిన ప్రమాణము. గోష్ఠిలో గూర్చుండువారు మొదట నీ భేదమును ఒప్పుకొని, పిమ్మట విభేదింపవచ్చును.

అట్టి గోష్ఠి నడపగోరు మిత్రులకు కలకత్తా మేళనము చూపు దారి సులభమైనదే. చేరువారు తక్కువగా నుండవలెను; అందఱియెదుటను నొక్కటే మూలము, నిఘంటువు నుండవలెను. ఉపన్యాసము వినిన పిమ్మట "ఆలోచింతము" అని లేచిపోవచ్చును. అనువాదమునకు గూర్చున్నవాడు కాగితముపై నొక్క మాట పెట్టక లేవరాదు. "చేత" వ్రాయుదువా, "మూలముగా" వ్రాయుదువా? ప్రతిపక్షి వాదమును అతడు "ఔను, నేను జెప్పినది యిదియే" అనునట్లు ముందుగా జెప్పి, ఆ పిమ్మటనే తన హేతువు చెప్పుట మంచిది. నిర్ణయము కుదరనిచో రెండు మాటలను రెండు హేతువులతో బ్రక్కప్రక్కన వ్రాసియుంచవలెను.

ఆడము తరువాత వంగదేశమున దేశభాషావిద్యను గూర్చి ప్రభుత్వమునకు మూడు నివేదికలు సమర్పించెను. అవి 1835 నుండి 1838 వఱకు వెలువడినవి. ఆయన 1881లో మృతినొందెను. యేట్సు తన విశ్వాసమునందే నిలిచి, వంగభాషలోనికి బైబిలును దిప్పుపనిలోనే జీవితమును గడపి, 1845లో ఓడప్రయాణమున మరణించెను.