పడవ కదలకపోతే ఆ డబ్బు ఎవరిది?

అండమాన్ వెళ్లాలనుకున్న కుటుంబం ముందుగా చూసేది విమాన ఛార్జీలు, హోటల్ ఫొటోలు. ప్యాకేజీ వోచర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ‘ఎట్టి పరిస్థితుల్లోనూ సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అన్న వాక్యం మీద ఎవరి చూపూ ఆగదు. దీవుల ప్రయాణంలో ముందు చదవాల్సింది అదే. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లినా, విశాఖ నుంచి ఓడలో వెళ్లినా, నిన్నమొన్నటి పోర్ట్‌బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం చేరడంతో యాత్ర పూర్తికాదు. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు మళ్లీ పడవ ఎక్కాలి. గాలి ముదిరితే పడవలు ఆగిపోతాయి. 2016 డిసెంబరులో తుపాను పట్టినప్పుడు ఈ రెండు దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకొచ్చింది.

తుపాను ఎవరి తప్పూ కాదు, కాబట్టి ఎవరూ బాధ్యులు కారు అని నిర్వాహకులు అంటారు. మొదటి మాట నిజమే, రెండోది దాని వెంట రాదు. నష్టపరిహారం వేరు, కట్టిన సొమ్ము వాపసు వేరు. పరిహారానికి అవతలివారి తప్పు ఉండాలి, వాపసుకు అక్కర్లేదు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 56వ సెక్షన్ ప్రకారం నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా చెల్లకుండా పోయినప్పుడు, దాని కింద పొందిన ప్రయోజనాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. పడవ కదలలేదు, టికెట్ సొమ్ము మాత్రం వారి దగ్గరే ఉంది. దాన్ని ఉంచుకునే హక్కు వారికి ఎక్కడి నుంచి వచ్చింది? విమానాలకూ ఇదే తేడా వర్తిస్తుంది. వాతావరణం వల్ల సర్వీసు రద్దయితే పరిహారం రాదు. కానీ మరో విమానమో, టికెట్ సొమ్మో ఇవ్వాల్సిందే.

‘షరతులు ఒప్పుకునే కదా డబ్బు కట్టారు’ అన్నది గట్టి అభ్యంతరమే. ఒప్పందానికి విలువ ఉంది, చదవకుండా ఒప్పుకోవడం మన పొరపాటే. అయితే బేరమాడే వీలు లేకుండా ముందే అచ్చువేసిన షరతు, అన్ని సందర్భాల్లోనూ ఒక పక్షానికే లాభం చేస్తుంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దాన్ని అన్యాయమైన ఒప్పందంగా ప్రశ్నించే వీలు కల్పించింది. చిన్న పడవల వాళ్లు మునిగిపోతారన్న బాధా ఉంది. నిజంగా అయిన ఖర్చును లెక్క చూపి మినహాయించుకుంటామంటే అది మాట్లాడుకోదగ్గ విషయం. మొత్తం మింగేయడం మాత్రం వేరే సంగతి.

ఈ హక్కుకూ హద్దులున్నాయి, అవి ప్రయాణానికి ముందే తెలియాలి. పడవ, విమానం, గది విడివిడిగా కొనుక్కుంటే, పడవ ఆగి విమానం తప్పిపోయినందుకు విమాన సంస్థ బాధ్యత వహించదు. అవతలి దీవిలో గది సిద్ధంగా ఉండి మీరే చేరలేకపోతే, హోటల్‌ను అడిగే బలమూ తక్కువే. అన్నీ ఒకే సంస్థ దగ్గర, ఒకే రసీదు మీద తీసుకుంటే జవాబు చెప్పాల్సింది ఒక్కరే. ‘పడవ మాది కాదు’ అని తప్పించుకోవడం వారికి కష్టం. ఎలా కొన్నా తిరుగు విమానానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోండి. పడవ రద్దయిన రోజున ఆ సందేశాన్ని, కౌంటర్ దగ్గర నోటీసును ఫోన్‌లో ఫొటో తీయండి. వాపసు కోరుతూ అదే రోజు రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో అడిగిన మాటకు తర్వాత ఆధారం మిగలదు.

‘నాలుగు వేల కోసం అండమాన్ కోర్టు చుట్టూ తిరగాలా?’ అని చాలామంది వదిలేస్తారు. తిరగనక్కర్లేదు. 2019 చట్టం వచ్చాక, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కాకినాడ వాళ్లు కాకినాడలో, వరంగల్ వాళ్లు వరంగల్‌లో. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. గడువు రెండేళ్లు. రసీదులు అప్పటిదాకా భద్రంగా ఉంచండి.