హైదరాబాదు నుండి జిద్దా: దూరము, కాలము

హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. విమానానికి అది ఐదారు గంటల పయనం. అయితే ఈ పయనాన్ని చేతి గడియారంతో కొలువరాదు. ఉదయం 10 గంటలకు బయలుదేరి ఐదున్నర గంటలు ప్రయాణించినవారు దిగేసరికి అక్కడ మధ్యాహ్నం 1 గంటయే. మన కాలమానం రెండున్నర గంటలు ముందున్నది కదా! తిరుగు ప్రయాణంలో ఆ బాకీ తీర్చవలసినదే.

హజ్ యాత్రికునికి ఈ లెక్క వినోదం కాదు. బొంబాయి నుండి ఓడలు నడిచిన కాలంలో, అనగా 1995 వరకు, యలమ్‌లమ్ ఎదురుగా వచ్చేసరికి ఇహ్రామ్ ధరించే తీరిక ఉండేది. నిమిషానికి సుమారు 13 కిలోమీటర్లు సాగే విమానం మీఖాత్ హద్దును ఆకాశంలోనే, దిగడానికి కొద్ది నిమిషాల ముందు దాటిపోతుంది. అందుచేత నేరుగా మక్కాకు పోవు యాత్రికులు పెక్కుమంది హైదరాబాదులోనే ఇహ్రామ్ వస్త్రాలు ధరించి, నియ్యత్ మాత్రం విమానంలో చేసుకొంటారు.